సైకిల్ వీర్రాజు తాగిన మందు

1956లో నేను తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా ఉండేవాణ్ని. డాక్టరు గారు చీటీ రాసిస్తే, మందులు కొలిచి నీళ్లలో కలిపి సీసాలో పోసి ఇవ్వడం మా పని. అలా కలిపినదాన్ని మిక్చర్ అనేవాళ్లం. సీసాకి గాట్లు కత్తిరించిన కాగితం ముక్క అంటించేవాళ్లం. ఒక్కో గాటూ ఒక్కో మోతాదు. రంగులేని మందంటే మా పేషెంట్లకి బొత్తిగా గురి ఉండేది కాదు. "ఉత్త నీళ్లిచ్చారేవిటండీ" అని తిరిగొచ్చేవారు. అందుకని జబ్బేదైనా సరే, నాలుగు చుక్కలు ఎర్రరంగు వేసేవాణ్ని. రంగు చూస్తేనే సగం జబ్బు పోయేది.

ఆ వేసవిలో సైకిల్ వీర్రాజు మా ఊరొచ్చాడు. కొల్లేటికోట మనిషి. చేపలు పట్టుకునే ఇంట్లో పుట్టి, సైకిలు తొక్కడమే వృత్తిగా పెట్టుకున్నాడు. మైదానంలో గుండ్రంగా బరి కట్టించుకుని, కాలు కింద పెట్టకుండా రోజుల తరబడి తిరిగేవాడు. తిండీ స్నానమూ గడ్డం గీసుకోవడమూ అన్నీ సైకిలు మీదే. మిగతా సంగతి అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఏలూరులో ఐదు రోజులు తొక్కి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. మా ఊళ్లో ఆరు రోజులన్నాడు. మైకులో పాటలు, గోలీసోడాలు, ఎండుచేపల మూటలతో వచ్చి పందిట్లోనే మకాం పెట్టిన అతని చుట్టాలు... ఆ సందడి తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

రోజూ పొద్దున్నే వెళ్లి అతని నాడి చూసి రమ్మని డాక్టరు గారు నన్ను పంపేవారు. సైకిలు పక్కన నడుస్తూనే చెయ్యి పట్టుకుని చూసేవాణ్ని. నాలుగో రోజు అతని కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గొంతు తగ్గించి అడిగాడు.

"కాంపౌండరు గారూ, యుద్ధం రోజుల్లో ఇక్కడి విమానాల మైదానంలో సోల్జర్లు నిద్ర రాకుండా ఏవో బిళ్లలు మింగేవారంటండి. అలాంటిదేదన్నా ఇప్పించరూ."

"అవి గుండెకి చేటయ్యా. డాక్టరు గారు చస్తే ఇవ్వరు."

"ఇక్కడ పడిపోతే ఇంకే ఊరివాళ్లూ నన్ను పిలవరండి. వల విసరడం కూడా మర్చిపోయానండి."

ఆ మాటకి నా మనసు కరిగింది. డిస్పెన్సరీకి వెళ్లి స్టమక్ మిక్చర్ కలిపాను. అరుగుదలకి ఇచ్చే సోడా నీళ్లు, చేదువేరు కషాయం, అంతే. రంగు మాత్రం రెట్టింపు వేశాను. "పూటకొక గాటు. మించితే ప్రమాదం" అని, అతనడిగిన మందే అన్నట్టు మొహం బిగించి చెప్పాను. సాయంత్రానికల్లా ఈల వేసుకుంటూ తొక్కుతున్నాడు.

ఐదో రోజు మధ్యాహ్నం గొడవ మొదలైంది. ఈ ఏర్పాటంతా చేసిన పెంటపాడు రైతు సుబ్బారాయుడు గారు నన్ను పిలిపించారు. ఆయన చేతిలో ఆ సీసా ఉంది. చుట్టూ జనం.

"ఏవండీ కాంపౌండరు గారూ, నిద్ర రాని మందు తాగి తొక్కుతున్నాడని అంటున్నారండి. ఇదేవిటో మీరు చెప్పాలి. అదే నిజమైతే ఇప్పుడే దింపేసి, ఏలూరు దాకా కబురు పెడతామండి."

అరుగుదల మందని చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే వీర్రాజు మా ముందు నుంచి వెళ్తూ నాకేసి చూశాడు. నిజం చెబితే నింద పోతుంది, కానీ ఆ నీళ్ల మీద నమ్మకంతో తొక్కుతున్నవాడు అక్కడే కూలిపోతాడు. చెప్పకపోతే మోసగాడని దింపేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఏమీ తోచక సీసా లాక్కుని, మిగిలిన మూడు గాట్లూ ఒక్క గుక్కలో తాగేశాను. "ఇది మనిషినేం చేస్తుందో మీరే చూడండి" అని ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. అందరూ నా మొహమే చూస్తున్నారు. రోహిణి ఎండ, పందిరి నీడ, కడుపులో చద్దన్నం. నిద్రపోదామని నేననుకోలేదు. పది నిమిషాల్లో తల వాల్చేశానట, గుర్రు పందిరంతా వినబడిందట. "ఈ మందుకి వచ్చే నిద్ర కూడా ఆగేట్టు లేదండీ" అని సుబ్బారాయుడు గారే నవ్వి, అందరినీ కూర్చోమన్నారట.

ఆరో రోజు సాయంత్రం వీర్రాజు దిగాడు. దండలతో మోసుకొచ్చి మా డిస్పెన్సరీ బల్ల మీద పడుకోబెట్టారు. బొబ్బలెక్కిన అరచేతులకి నేను మందు రాస్తుంటే మెల్లగా అన్నాడు.

"మీరు గుర్రు పెడుతుంటే తెలిసిపోయిందండి, అందులో ఏమీ లేదని."

"మరి అప్పట్నుంచి ఎలా తొక్కావయ్యా?"

"సిగ్గుతో తొక్కానండి. జనమంతా నన్ను నమ్మారు. నేను మాత్రం అది నిద్ర రాని మందే అనుకుని తాగాను కదండీ." మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఈ దండలు తీసేయించండి."

ఒక్కొక్కటే నేనే తీశాను. అతని ముందు నాకూ సిగ్గేసింది. జాలిపడి మేలు చేశాననుకున్నాను గానీ, అతను అడిగిన రోజునే గట్టిగా కాదని ఉంటే, కాళ్లలో ఉన్న సత్తువతోనే తొక్కి, తలెత్తుకుని దిగేవాడు. ఆ ఒక్కటీ అతనికి లేకుండా చేసింది నేనే. ఆ తరవాత ముప్ఫయ్యేళ్లు మందులు కలిపాను. ఇవ్వకూడనిది ఎవరడిగినా, ఎంత జాలేసినా, ఇవ్వనని మొహం మీదే చెప్పాను.