కరుణక్క చెయ్యి, మస్తాన్ డాక్టరు గారు

నిన్న మధ్యాహ్నం ఫోన్లో మెసేజ్. "మస్తాన్ డాక్టరు గారు ఇక లేరు."

మళ్ళీ చదివాను. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాను.

ఎనభైల్లో నరసరావుపేటలో ఆయన నర్సింగ్ హోమ్‌లో నేను థియేటర్ నర్సుని. ఆయన సర్జన్. లారీ మెకానిక్ కొడుకు.

ఒకరోజు శావల్యాపురం నుంచి మా కరుణక్క వచ్చింది. రొమ్ములో గడ్డ. టెస్ట్ చేస్తే క్యాన్సర్.

అప్పట్లో మా దగ్గర ఒకటే ఆపరేషన్. రొమ్ముతో పాటు ఛాతీ కండ కూడా తీసేయడం. తర్వాత చాలామందికి చెయ్యి వాచేది, పైకి లేచేది కాదు.

అక్కది మిరపకోతల కూలి బతుకు.

డాక్టరు గారు వారమంతా జర్నల్స్ ముందేసుకుని కూర్చున్నారు. తర్వాత మమ్మల్ని పిలిచారు.

"రొమ్ము తీస్తా. చంకలో గడ్డలు తీస్తా. కండ జోలికి పోను."

బావ లేచి నిలబడ్డాడు. "ఏంది సార్ ఇది? అంతా తీసెయ్యండి! మిగిలిందాంట్లో రోగం ఉంటే నా పెళ్ళాం ఏమైపోవాల?"

డాక్టరు గారికి పని నేర్పిన పెద్ద సర్జన్ కూడా అక్కడే ఉన్నారు. "నా ముప్పై ఏళ్ళ అనుభవం కంటే నీ కాగితాలు ఎక్కువా?"

"మనం తిరిగొచ్చినోళ్ళనే గుర్తుపెట్టుకున్నాం సార్. రానోళ్ళు ఏమయ్యారో మనకి తెలవదు. ఈ జర్నల్స్‌లో రాసిన డాక్టర్లు చీటీలు తీసినట్టు కొందరికి ఆ ఆపరేషన్, కొందరికి ఈ ఆపరేషన్ చేశారు. ఏళ్ళ తరబడి అందర్నీ వెతికి చూశారు. బతకడంలో తేడా రాలా."

బావ వైపు తిరిగారు. "గడ్డ కండకి అంటుకుని ఉంటే మాత్రం ఆ కాగితం మీ ఆవిడకి పనికిరాదు. అప్పుడు కండ కూడా తీస్తా."

పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. బావ నా వంక చూశాడు.

అక్కే అంది. "ఆయన చెప్పినట్టే కానియ్యండి. చెయ్యి లేకపోతే నేనేం చేసుకు బతకాల?"

థియేటర్లో ఆయన వేలు కండ మీద ఆగింది.

ఎంతసేపో.



"అంటుకోలా," అన్నారు. కండ వదిలేశారు.

ఐదేళ్ళకి అక్క లడ్డూలు తెచ్చింది. రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టింది. "మీరే గెలిచారు సార్," అన్నాను.

"ఒక్కరు బతికితే రుజువు కాదమ్మాయ్. పోయినా రుజువు కాదు."

వరండాలో నడికుడి పెద్దావిడ ఒకరు కూర్చుని ఉన్నారు. అక్క కంటే ముందు ఆవిడకి డాక్టరు గారి చేతి మీదుగానే పాత ఆపరేషన్ అయింది. వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అక్కనే చూస్తున్నారు.

"మరి నాకెందుకు తీశావయ్యా కండ?"

డాక్టరు గారు ఏదో సర్దిచెబుతారనుకున్నాను.

ఆయన వెళ్ళి ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "అప్పుడు నాకు తెలవదమ్మా. తెలుసనుకున్నా. నన్ను క్షమించు."



ఆవిడ వాచిన చేతిని ఆయన చేతుల్లో పెట్టారు. "చూడు మరి."

ఆ రోజు నుంచి ఆ చేతికి వాపు తగ్గే కట్టు ఎప్పుడూ ఆయనే కట్టారు. మా నర్సులెవరికీ ఇవ్వలేదు.

వెళ్ళిరండి సార్. అంత నిజం చెప్పిన మనసుకి ఆ దేవుడు అంత నెమ్మదీ ఇవ్వాలి.