కిషన్‌బాగ్‌లో దొరసానమ్మ పండుగ

దొరసానమ్మ తల్లి పోయిందన్న మాట నాకు మొదట తెచ్చింది మా గల్లీ పాలామె. పొద్దున్నే పాలు పోసి వెళ్ళిపోయిన మనిషి మళ్ళా వచ్చి గడప బయట నిలబడ్డది.

"అమ్మా, దొరసానమ్మకు తారొచ్చింది, అదే టెలిగ్రాం. మీ అన్న దఫ్తరుకు పోతుంటే ఆపి సదివిపిచ్చిన. ఆయమ్మ తల్లి ఇగ లేదంట. ఆమేమో మలక్‌పేట పోయింది, ఎవరికో పానం బాగలేదని. ఇగో కాగితం, వచ్చినంక నువ్వే చెప్పాలె. నా మాట ఆమెకు తెల్వది, ఆమె మాట నాకు తెల్వది."

వాళ్ళ క్రిస్మస్ పండుగకు ఇంక మూడు రోజులుండె.

దొరసానమ్మ అంటే సముద్రాలు దాటి తన దేవుని మాట చెప్పడానికి వచ్చిన తెల్లామె. నా ఈడుదే, ముప్పై దాటలేదు. కిషన్‌బాగ్‌లో పాలామె ఇంటి ముందటి గదిలో కిరాయికి ఉండేది. గోడకు ఇవతల ఆమె పుస్తకాలు, అవతల బర్రెల కొట్టం. ఆమెకు తెలుగు చెప్పేది నేను. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా బాపు గుడిలో అర్చకుడు. పొద్దుటి పూజ అయినంక వాకిట్లో ఇసుక పోసి, నా వేలు పట్టుకొని అక్షరాలు దిద్దించిండు. ఆ ఇసుకకు నేను ఇవాళ్టికీ దండం పెట్టుకుంటా. దొరసానమ్మ చదువు చెప్పమని అడిగితే బాపు ఒక పూటంతా ఆలోచించి అన్నడు: "అడిగింది గదా, చెప్పు బిడ్డా. మిగతా సంగతి ఆమె దేవుడూ మన దేవుడూ మాట్లాడుకుంటరు. నువ్వు మధ్యల పోకు." నేను పోలేదు. ఆమె కూడా నన్ను తన దేవుని దిక్కు ఎన్నడూ లాగలేదు. అందుకు ఆమెకూ నేను రుణపడే ఉన్న.

ఆ వారమే ఆమెకు ఒక పాఠం చెప్పిన. ఇంట్లోంచి బయలుదేరేవాళ్ళు 'పోతా' అనరు, 'పోయొస్తా' అంటరు. పోయినవాళ్ళు తిరిగి రావాలె గనుక. ఆ మాట ఆమెకు మస్తు నచ్చింది. గల్లీలోకి పోయేటప్పుడు కొట్టంలో బర్రెకు గూడ "పోయొస్తా" అని చెప్పేది. "బర్రెకు చెప్పినవు, ఇంటామెను నాకు చెప్పవైతివి!" అని పాలామె పడి పడి నవ్వింది.

పగటికి దొరసానమ్మ వచ్చింది. ఏ మాటతో చెప్పాలో నాకు పాలుపోలేదు. 'కాలం చేసింది' అంటే ఆమెకు అర్థం కాదు. ఇంకో మాట ఒకరి తల్లి గురించి నా నోట రాదు. చివరికి "అమ్మ పోయింది" అన్న.

"పోయొస్తదా?" అన్నది ఆమె, పాఠం అప్పజెప్పినట్టు, నవ్వు మొహంతోనే.

నేను తల అడ్డంగా ఊపి, తార్ కాగితం చేతిలో పెట్టిన. చదివింది. మడిచింది. మళ్ళా విప్పి చదివింది. ఓడ ఎక్కినా చేరేసరికి వారాలు పడుతది. మట్టి చేసేవాళ్ళు అప్పటిదాకా ఆగరు. కుర్చీలో కూర్చొని, "ఇవాళ పాఠం ఏది, పంతులమ్మా?" అన్నది. చెప్పిన. ఏం చెప్పిన్నో గుర్తులేదు. ఆమె రాసుకున్నది. ఇద్దరికీ ఏడుపు రాలేదు. చలిలో చన్నీళ్ళ పని చేసినంక వేళ్ళు మనవి కానట్టు ఉంటయి గదా, లోపల గట్లనే ఉండె.

తెల్లారి చూస్తే ఆమె పండుగకని తలుపు మీద కట్టుకున్న కాగితం నక్షత్రం లేదు.

"నా నక్షత్రం ఎక్కడ?" అని అడిగింది దొరసానమ్మ.

"తీసి అటక మీద పెట్టిన," అన్నది పాలామె. "తల్లి పోయిన ఇంట్ల ఏడాదిదాంక పండుగ ఉండదమ్మా."

నేను ఆ మాటను ఆమెకు వచ్చిన తెలుగులో పెట్టి చెప్పిన. ఆమె ఖాళీ తలుపు వైపు చానాసేపు చూసింది. "అమ్మను వదిలి నేను వచ్చింది ఈ పండుగ సంగతి చెప్పడానికే. అది కూడా చెప్పకపోతే, ఎందుకు వదిలిన?" అన్నది. స్టూలు వేసుకొని నక్షత్రం తనే కట్టింది.

"గుండెనా, రాయా ఏంది?" అని పాలామె నాతో గొణిగింది.

పండుగ నాడు పగటిపూట పదిమంది ఆడవాళ్ళు వచ్చిండ్రు. దొరసానమ్మ పిలిచింది పండుగకు. వాళ్ళు వచ్చింది సావు పలకరింపుకు. పాలామె అందరికీ చెప్పేసింది మరి. కొంగులు తలమీద కప్పుకొని గోడ వెంబడి కూర్చున్నరు. బొగ్గుల మీద ఆమె చేసిన తీపి రొట్టె పళ్ళెంలో అట్లనే ఉన్నది. "సావింట్ల నోట్లె ఏం పెట్టుకుంటమే!" అని ఎవరో అన్నరు. పాలామె తన వంటింట్లోంచి పప్పూ అన్నం గిన్నెలో తెచ్చి పక్కన పెట్టుకున్నది. దుఃఖం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించొద్దని.

దొరసానమ్మ లేచి తన నోటుపుస్తకంలోంచి చదివింది. తప్పులు దిద్దింది నేనే. నిండు నెలల పిల్ల భర్త వెంట పరాయి ఊరికి పోయింది. సత్రంలో చోటు దొరకలేదు. పశువుల కొట్టంలో కన్నది. కొట్టం అనంగనే పాలామె తల ఎత్తింది.

"తొలి కాన్పేనా?"

"అవును."

"మరి తల్లిగారింటికి పోలేదా? ఆ పిల్ల తల్లి ఎటువోయింది?"

దొరసానమ్మ పుస్తకంలో చూసింది. పేజీ తిప్పింది. మళ్ళా వెనక్కి తిప్పింది. "రాయలేదు," అన్నది. కాసేపటికి, "తల్లి ఎక్కడున్నదో... రాయలేదు."

"అయ్యో, పొల్ల ఒక్కతేనా!" అని పాలామె లేచింది. ఆ మాట ఎవరి గురించో నాకు తెలియలేదు. పక్కన ఉన్నది నేను. నా చేయి దొరసానమ్మ భుజం దాకా పోలేదు. మడి అనుకున్న, సిగ్గు అనుకున్న. ఏదీ కాదు, చేయి లేవలేదు, అంతే. పాలామె దొరసానమ్మను చెయ్యిపట్టి కింద కూర్చోబెట్టి, పప్పన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. "తిను బిడ్డా." ఆమె నోరు తెరిచింది. నమిలింది. ఏడవలేదు గాని, లేచి నిలబడనూ లేదు. పాలు పిండే వేళదాకా ఆడవాళ్ళు ఒక్కొక్కరు తమ తల్లుల గురించి చెప్పుకున్నరు. ఆమె వాళ్ళ మధ్యన నేలమీద కూర్చొని అందరి మొహాలూ చూసింది.

అందరూ పోయినంక అడిగింది: "నేను పండుగ చేసిన్నా, పంతులమ్మా?"

"చేసినవు," అన్న. నిజమో కాదో నాకు తెలియదు. ఆ పూట నా చేయి చేయలేని పని చేసిన పాలామెకు మనసులో దండం పెట్టుకొని ఇంటికి వచ్చిన.

దొరసానమ్మ తల్లి పేరు నాకు తెలియదు. అడగాలని తోచలేదు, తర్వాత అడిగే వేళ దాటిపోయింది. ఎక్కడో ఒక ఇంటి నుంచి ఆమె తన బిడ్డను మా గల్లీకి పంపింది. ఆఖరికి ఆ బిడ్డ చేతి నీళ్ళకు గూడ నోచుకోలేదు. ఇది చదివినవాళ్ళు, మీ దేవుడు ఎవరైనా సరే, దీపం పెట్టేటప్పుడు ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.