వస్తాదిలే టీచరు

నాది గోదావరి వైపు. కడప దగ్గర ఒక పల్లెబడిలో ఒకటో తరగతి చెప్పమన్నారు. అక్కడ ముందు వరసలో కూర్చునే ఒక పాప నన్ను రోజూ తికమక పెట్టేది.

పుస్తకంలో ఉల్లిపాయ బొమ్మ మీద వేలు పెట్టి నేను "ఉ, ఉల్లిపాయ" అంటే పిల్లలంతా అలాగే అనేవారు. ఆ పాప మాత్రం లేచి "ఎ, ఎర్రగడ్డ" అనేది. గేదె బొమ్మ వస్తే "ఎ, ఎనుము". అవి వాళ్లింటి మాటలని నాకూ తెలుసు. కానీ ఉల్లిపాయ ఎర్రగడ్డ అయిపోతే నా ఉ ఏమైపోవాలి?

కోప్పడదామంటే ఆ మొహంలో అల్లరి ఉండేది కాదు. నేను మళ్లీ చెప్పేదాన్ని. తనూ మళ్లీ చెప్పేది, నాకంటే ఓపిగ్గా. విసిగిపోయి నేను బల్ల మీద చెయ్యి ఆనిస్తే, ఆ చేతిని మెల్లగా తట్టి "వస్తాదిలే టీచరు" అనేది.

తనకు చదువు వస్తుందని నాకు ధైర్యం చెబుతోందనుకున్నాను. ఆ వయసుకు అంత పెద్దరికం ఎక్కడిదో అర్థమయ్యేది కాదు.

ఒక సాయంత్రం పాపను తీసుకుపోవడానికి వాళ్ల అవ్వ వచ్చింది. పిల్లకు అక్షరాలు ఎక్కడం లేదని ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే, ఆమే గొంతు తగ్గించి అడిగింది.

"మా టీచరుకు ఎర్రగడ్డ అనేదానికి గూడా రాదు, దినామూ నేనే నేర్పిస్తాండా అని ఇంట్లో చెప్తాంటాది మా పాప. ఇప్పుడేమన్నా వస్తాండాదా మేడమ్?"

పాప అవ్వ కొంగు పట్టుకుని నా నోటివైపే చూస్తోంది.

"కొంచెం కొంచెం వస్తాండాదవ్వా" అన్నాను.

"వచ్చేసిందవ్వా" అంది పాప.