రవ్వ రాని ఇంజిన్ కోసం కళింగపట్నం దాకా

బావ ఆ నల్లటి పెట్టెను మా వరండాలో పెట్టి, "ఒరే సింహాచలం, దీని సంగతి నువ్వే సూడు. నాకు పోట్లాడ్డం రాదు" అన్నప్పుడే నాకు ఒళ్ళు మండింది. ఎర్రయ్య బావ మా అక్క భర్త. కళింగపట్నంలో ఆయనకు ఒక పడవ, దానికి వెనక తగిలించే పాత మోటారు ఉన్నాయి. రెండు నెలల వేట నిషేధం అయిపోయి అందరి పడవలూ సముద్రం మీదికి వెళ్ళాయి. బావ మోటారు మాత్రం తాడు ఎన్నిసార్లు లాగినా ఉలకలేదు, పలకలేదు. ప్లగ్గులో నిప్పురవ్వ రావడం లేదు.

శ్రీకాకుళంలో ఒక షాపువాడు ముందు ప్లగ్గు అమ్మాడు. తరవాత కాయిల్ అమ్మాడు. ఆ తరవాత, "రెండు నెల్లు ఉప్పుగాలికి రవ్వ పుట్టించే పాయింట్లు తినేసుంటాయి, అవి పీకేసి ఎలక్ట్రానిక్ సెట్టు పెట్టుకోండి, కొత్త బండి లాగ స్టార్టవుతాది" అని ఈ పెట్టె అంటగట్టాడు. అయినా రవ్వ లేదు. ఎల్లుండి తెల్లారేసరికి మోటారు నడవకపోతే వేరే పడవకి పోతామని కళాసీలు ముగ్గురూ చెప్పేశారట. పనివాళ్ళు పోతే బావకి ఈ సీజనంతా పోయినట్టే.

ముప్పై ఏళ్ళు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి. బావను ఆ సాయంత్రం బస్సుకే పంపేసి, మర్నాడు ఉదయం 6.40కి నెల్లిమర్లలో పాసింజరు ఎక్కాను. సంచిలో ఆ పెట్టె, కరెంటు చూసే మీటరు, రెండు స్పానర్లు, ఒక జత బట్టలు. రైలు ఇరవై నిమిషాలు లేటు. ఎందుకు లేటని అడిగితే చెప్పే నాథుడు లేడు. చీపురుపల్లి దాకా నిలబడే ఉన్నాను.

అక్కడ సీటు దొరికింది. ఎదురుగా పొందూరు వెళ్తున్న ఒకావిడ, ఒళ్ళో దూది ఏకుల మూట. నూలు వడికే మనిషి. నా మొహం చూసి, "ఎవులి మీద బాబూ అంత కోపం?" అంది. కథంతా చెప్పాను. ఆవిడ మూట సర్దుకుని, "నూలు తెగితే నాను కదురు మార్సను బాబూ. నా సెయ్యెక్కడ తప్పినాదో ముందల సూసుకుంటాను" అంది. రాట్నానికీ మోటారుకీ సంబంధం ఏమిటమ్మా అని కసిరాను. ఆవిడ ఏమీ అనుకోకుండా పొందూరులో దిగిపోయింది.

ఆమదాలవలసలో దిగాను. ఆ స్టేషనుకి పెట్టిన పేరు శ్రీకాకుళం రోడ్డు. ఊరు మాత్రం అక్కడినుంచి ఆటోలో అరగంట. ఈ పేరు పెట్టినవాణ్ణి ఒకసారి సామానుతో సహా ఆటోలో కుక్కి తీసుకెళ్ళాలి. నలుగురు పట్టే ఆటోలో తొమ్మిదిమందిమి వెళ్ళాం. బస్టాండు దగ్గర ఇడ్లీ బాగుంది, మీరు వెళ్తే తినండి. చట్నీ మాత్రం రెండోసారి అడిగితే వాళ్ళ ఆస్తి అడిగినట్టు చూస్తారు.

పదింటికి షాపు తీశారు. యజమాని నా వయసువాడే. పెట్టె గల్లా మీద పెట్టి మార్చమన్నాను.

"వైరింగు ఎవులు సేసినారు? మీరే గదా. ఎలక్ట్రికల్ సామాను ఎనక్కి తీసుకోం" అన్నాడు.

"ఒక్కసారైనా ఆ మోటారు మొహం చూశావా? చూడకుండానే మూడు సామాన్లు అమ్మావే! ఇది వ్యాపారమా, దోపిడీయా?" అన్నాను. గొంతు పెంచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. దొంగ అన్నాను. ఆ మాట రెండుసార్లు అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. కొత్త పెట్టె తీసి ఇచ్చి, పాతది బల్ల కిందకు తోశాడు. గెలిచినవాడిలా బయటికొచ్చాను.

11.15కి రావలసిన కళింగపట్నం బస్సు పన్నెండు దాటాక వచ్చింది. దిగేసరికి ఒంటిగంటన్నర. అక్క అన్నం, నెత్తళ్ళ పులుసు పెట్టింది. తినేసి ఒడ్డుకి పోయాం. కళాసీలు ముగ్గురూ పడవ నీడలో కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడు, "ఇయ్యాల తేలిపోవాల బాబూ, మాకూ పిల్లలున్నారు" అన్నాడు.

మోటారు మూత తీసి, పెట్టె బిగించాను. ప్లగ్గు ఊడదీసి, ఇంజిన్ ఒంటికి ఆనించి పట్టుకుని బావను తాడు లాగమన్నాను. లేదు. మళ్ళీ లాగాడు. లేదు. పది సార్లు లాగాడు. ఇదీ చచ్చిన పెట్టేనని, మళ్ళీ మోసం చేశాడని ఆ షాపువాణ్ణి అరగంట తిట్టాను. రేపు పొద్దున్నే వెళ్ళి షాపు ముందు కూర్చుంటానన్నాను. కళాసీలు లేచి ఇసక దులుపుకున్నారు.

టీ తెచ్చిన అక్క అప్పుడు అంది: "తమ్ముడా, నాకు తెలీకడుగుతాను గానీ, నువ్వొచ్చి రంగేసిన కాడ్నించే గదా ఇది మూగబోనాది?"

నిషేధం రోజుల్లో ఇక్కడ పడవలన్నిటికీ కొత్త రంగులేస్తారు. గంగమ్మకు దండం పెట్టి మొదటి వేటకు వెళ్ళేటప్పుడు పడవ పెళ్ళికూతురిలా ఉండాలి. మోటారుకు కూడా రంగు వేస్తారు. ఈసారి ఆ పని నేను మీద వేసుకున్నాను. నీలం ఎనామిల్, రెండు కోట్లు. మూతకే కాదు, లోపల కూడా అందంగా ఉండాలని కాయిల్ ఊడదీసి, అది కూర్చునే చోటు, బోల్టులు, అన్నీ నీలం చేశాను. ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకున్నారు కూడా.

కాయిల్ నుంచి వచ్చే నల్ల వైరు కొసన చిన్న ఇత్తడి రింగు ఉంటుంది. దాన్ని ఇంజిన్ ఇనుముకి బోల్టుతో బిగిస్తారు. అదే ఎర్తు. అది ఇనుముని తాకకపోతే కొత్త కాయిలైనా, కొత్త పెట్టైనా ఒకటే. మీటరు పెట్టి చూశాను. ముల్లు కదల్లేదు. మధ్యలో రంగు కరెంటుని ఆపేస్తోంది. కొత్త పెట్టె వైరుని కూడా నేను ఆ నీలం రంగు మీదే బిగించాను.

అక్క చేపలు తోమే కత్తి తెచ్చి ఇచ్చింది. బోల్టు విప్పి రంగు గీకాను. తెల్లటి లోహం బయటపడింది. బావ తాడు లాగాడు. ప్లగ్గు మొన దగ్గర నీలంగా రవ్వ చిటపటమంది. రెండో లాగుకే మోటారు పొగ కక్కుతూ మొదలైంది. కళాసీలు కేక పెట్టారు. బావ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

ఆ రాత్రి అక్క ఇంటి అరుగు మీదే పడుకున్నాను. తెల్లారగానే ముగ్గురు కళాసీలతో బావ పడవ అల దాటడం చూసి, 8.30 బస్సు ఎక్కాను. సరాసరి షాపుకే వెళ్ళాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నిన్న నేను తిరిగిచ్చిన పెట్టె మంచిదే. ఎర్తు మీద రంగుంది" అన్నాను.

"రంగు ఎవులేసినారు?"

"నేనే."

ఆయన బల్ల కిందకు వంగి పెట్టె తీశాడు. గుడ్డతో తుడిచి, అరలో మిగతా పెట్టెల పక్కన పెట్టాడు. "కూకోండి, టీ తాగుదురు గాని" అన్నాడు. చూడకుండా మూడు సామాన్లు అమ్మినందుకు ఇప్పటికీ నాకు కోపమే. అది ఆయన తప్పే. కానీ నలుగురి ముందు దొంగ అన్న మాట నాది. దాన్ని ఆ షాపులో ఒంటరిగా వెనక్కి తీసుకున్నాను, నిన్నటి జనం అక్కడ లేరు. ఆయన ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం పాసింజరుకి ఆమదాలవలసలో కిటికీ పక్క సీటే దొరికింది. గోళ్ళ సందుల్లో ఇంకా నీలం రంగుంది. ఎంత కడిగినా పోలేదు. రైలు పొందూరులో ఆగింది. ప్లాట్‌ఫారం మీద దూది మూటతో ఎవరో ఒకావిడ మా బోగీ వైపే నడిచి వస్తోంది. నిన్నటి ఆవిడేనా కాదా అని చూసే ధైర్యం లేక, చేతులు సంచి కింద దాచుకుని, రైలు కదిలేదాకా నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను.