మా ఆడబిడ్డ చెయ్యి

మా ఆయనకు పుట్టుకతోనే పేగులు సరిగా అమరలేదు. ఉన్నట్టుండి కడుపు బిగుసుకుపోయేది. నొప్పి రాగానే ఆయన పిలిచేది నన్ను కాదు, వాళ్ళక్కను. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆమే. వెల్దుర్తిలో మా పక్కిల్లే. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. ఆముదం రాసి బొడ్డు చుట్టూ నిమురుతూ, "ఏందిరా, కదిలిందా?" అని అడిగేది. నేను చెయ్యి వేయబోతే, "నీకు తెలవదులే అమ్మాయ్, లెగు" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒకసారి ఆమె చేతికీ నొప్పి లొంగలేదు. పచ్చటి వాంతులయ్యాయి. బండి కట్టించి, మాచర్లలో రైలెక్కించి గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరుగారు కడుపు కోసి, మెలిపడిన పేగును సరిచేసి, "ఇక ఈ నొప్పి రాదమ్మా" అన్నారు. ఆమె ఏడ్చింది. ఇక ఈమెతో పనేముందని నేను లోలోపల సంబరపడ్డాను.

ఇంటికొచ్చాక ఆమె రావడం తగ్గించింది. ఒక సాయంత్రం వాకిట్లోంచి పోతుంటే ఆయనే పిలిచారు.

"అక్కా, కొంచెం నొప్పిగా ఉందే."

ఆమె వచ్చి పక్కన కూర్చుని కడుపు మీద చెయ్యేసింది. ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నారు.

"ఇప్పుడేగా మారడిగి మరీ అన్నం తిన్నారు, నొప్పేంది?" అన్నాను.

ఆమె నవ్వి, "పోనీలే అమ్మాయ్, నువ్వూ కూర్చో" అంది.

నేను కూర్చోలేదు.