పెద్దమ్మకు లేని బాధ లేదు

మా పెద్దమ్మకు ఒకటే అలవాటు. ఎవరు ఏ బాధ చెప్పినా "నాకూ అంతే!" అంటుంది. కాలేజీ మధ్యలో వదిలేసి, ఆమె పనిచేసే చొక్కాల కార్ఖానాలోనే ఇస్త్రీపెట్టె పట్టాను గనుక ఇదంతా దగ్గరుండి చూశాను.

అక్కడున్న పన్నెండుమంది ఆడవాళ్లూ నెలసరి ఆగిపోయే వయసుకు అటో ఇటో ఉన్నవాళ్లే.

"వదినా, ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు" అనేది కాజాలు కుట్టే ఆవిడ.

"నాకూ అంతే!" పెద్దమ్మ ఫ్యాను అటు తిప్పేది.

"నాకేమో చలి" అనేది గుండీలు కుట్టే ఆవిడ.

"నాకూ అంతే!" ఫ్యాను ఆపేది.

"మా ఆయన నోరు తెరిస్తే చాలు, కొట్టాలనిపిస్తోంది" అనేది ఇంకొకావిడ.

"నాకూ అంతే. కాకపోతే అది పెళ్లయిన దగ్గర్నుంచీ ఉంది."

నేను ఆగలేక అడిగేశాను. "ఒకే ఒంట్లో సెగా చలీ ఎలా ఉంటాయి పెద్దమ్మా?"

"వంతులేసుకుంటాయిరా."

మా కార్ఖానాలో బట్ట కత్తిరించేది కత్తెరక్క. ఇరవై ఏళ్లుగా గీత తప్పని చెయ్యి. ఈమధ్య మాత్రం 'గుండీ' అనే మాట కూడా తట్టక, గాల్లో సున్నా చుట్టి చూపించేది. ఒకరోజు బట్ట మంచివైపులు ఎదురెదురుగా పరవడం మరిచిపోయి నలభై చొక్కాలకు చేతులు కత్తిరించింది. అలా పరిస్తేనే ఒకటి కుడిదీ ఒకటి ఎడమదీ వస్తాయి. ఇప్పుడు ఎనభై చేతులూ ఎడమవే!

"నా బుర్ర పనైపోయింది. యజమానురాలు పొమ్మనకముందే నేనే పోతాను" అంటూ రాజీనామా రాయడానికి కాగితం తీసింది.

"నాకూ అంతే" అంది పెద్దమ్మ.

"చాల్లే వదినా! నీ కుట్టు ఒక్కసారైనా వంకర పోయిందా?"

పెద్దమ్మ తన మిషను దగ్గరికి వెళ్లిపోయింది. గంట తర్వాత అక్కడినుంచి కేక.

"నా మతి మండిపోను! జేబులన్నీ తలకిందులుగా కుట్టేశాను!"

పదిహేను చొక్కాలు. జేబుల నోళ్లన్నీ నేలచూపులు చూస్తున్నాయి. కత్తెరక్క ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఇందులో పెన్ను పెడితే ఎక్కడుంటుంది వదినా?"

"చెప్పుల మీద."

అందరికంటే ముందు నవ్వింది కత్తెరక్కే. సాయంత్రం యజమానురాలు వచ్చి రెండు కుప్పలూ చూసింది. "మిగిలే నలభై ఎడమవి వచ్చే ఆర్డరుకు దాచండి, ఇప్పటికి నలభై కుడివి కత్తిరించండి. ఇకమీదట పరిచాక ఇంకొకరు చూస్తేగానీ కత్తెర వెయ్యొద్దు" అంది. కత్తెరక్క రాజీనామా కాగితం వెనకే కొత్త కొలతలు రాసుకుంది.

జేబులు విప్పే పని నాకు పడింది. ఒక దారం కొస లాగాను. జేబుకు జేబే ఊడి చేతికొచ్చింది. పదిహేనూ అంతే! అన్నీ తర్వాత విప్పేయడానికి వేసే పొడుగు పొడుగు కచ్చా కుట్లు.

"పెద్దమ్మా, కావాలనే చేశావు కదూ?"

"అరవకురా!"

"మరి ఆ సెగలు, చలి?"

పెద్దమ్మ అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగింది.

"నాకు ఆగిపోయి రెండేళ్లయింది. ఒక్క తుమ్మైనా రాలేదు. వీళ్లకు తెలిసిందో, నన్ను వెలేస్తారు!"