టీ గ్లాసు మరక చుట్టూ గీతలు

జులై 9, మంగళవారం. మారేడ్‌పల్లి ఆఫీసు, వెనుక గది. హాజరు: సుగుణ మేడమ్, యాదగిరి, నేను.

పాత డైరీలో ఈ పేజీ తెరవగానే మడతపెట్టిన కాగితం ఒకటి ఒళ్ళో పడింది. విప్పితే ముందు పాత అట్టల వాసన, ఆ తర్వాత పెన్సిలు పొడి వాసన వచ్చాయి. కాగితం నడుమ టీ గ్లాసు అడుగు దిగిన గుండ్రటి మరక ఉంది. మరక చుట్టూ పెన్సిలు గీత, ఆ గీత నుంచి నలుదిక్కులకూ కొమ్మల్లా సాగిన మరికొన్ని గీతలు, వాటి మీద పేర్లు. ఈ ఆదివారం మా మల్కాజ్‌గిరి కాలనీ సంఘం మీటింగులో నేను మాట్లాడాలి. అందుకోసం ఓ తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, ఎందుకో లేచి వెళ్ళి అలమరలోంచి ఈ డైరీ దించాను.

సుగుణ గారు మా కంపెనీలో మేనేజరు. మందుల సీసాలకు అట్టపెట్టెలు చేసే చిన్న కంపెనీ అది. ఆఫీసు మారేడ్‌పల్లిలో, పని జరిగే షెడ్డు మౌలాలిలో. ఆవిడది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. కొన్నాళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఈ ఉద్యోగంలోకి వచ్చారు. తెల్ల నేత చీర, నల్ల చేతిసంచి, ఆ సంచిలో ఎప్పుడూ చెక్కిన పెన్సిళ్ళు రెండు. ఎక్కడో శిక్షణకు వెళ్ళినప్పుడు మైండ్ మ్యాప్ గీయడం, అంటే నడుమ ఒక మాట రాసి దాని చుట్టూ ఆలోచనల్ని కొమ్మలుగా పరచడం, నేర్చుకున్నారు. అయితే ఆవిడ గీసే పద్ధతి మాత్రం పూర్తిగా ఆవిడదే. టీ తాగడం అయ్యాక ఖాళీ గ్లాసును కాగితం నడుమ బోర్లించకుండా నిలబెట్టి, దాని చుట్టూ పెన్సిలు తిప్పేవారు. ఆ సున్నాలో పట్టేంత మాటే రాయాలి. పట్టకపోతే విషయం మనకింకా తెలియలేదని ఆవిడ నమ్మకం.

నాకేమో జాబితాలు అలవాటు. పదహారో ఏట మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. ఏ పనికైనా ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటే గానీ మనసు కుదుటపడేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శాంపిల్ పెట్టెలు తీసుకుని విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చింది. ఇరవై ఏడు అంశాల జాబితా రాసి ఆవిడకు చూపించాను. సబ్బు, దువ్వెన కూడా ఉన్నాయి అందులో. ఆవిడ శ్రద్ధగా చివరిదాకా చదివి, గ్లాసు పెట్టి సున్నా చుట్టి పెన్సిలు నా చేతికిచ్చారు. నడుమ 'విశాఖ ప్రయాణం' అని రాశాను.

"ప్రయాణం సరేనయ్యా. అక్కడ ఏది పాడైతే నువ్వు వెళ్ళి కూడా దండగ?" అని అడిగారు.

వానాకాలం. శాంపిళ్ళు తడిస్తే చూపించడానికేమీ ఉండదు. ఆ మాట చెప్పగానే సున్నాలో 'పెట్టెలు తడవకూడదు' అని రాయించారు. ఇక కొమ్మలు వాటంతట అవే వచ్చాయి: కిటికీ పక్కన కాని సీటు, రెండు పొరల ప్లాస్టిక్ కవరు, స్టేషన్ నుంచి రిక్షా కాక ఆటో. ఇరవై ఏడింటిలో ఇవేవీ లేవు. పెట్టెలు పొడిగా చేరాయి. దువ్వెన మరిచిపోయాను.

ఇక ఆ జులై సంగతి. మౌలాలి షెడ్డును పటాన్‌చెరు దాటాక దొరికిన పెద్ద స్థలానికి మార్చాలని విజయవాడలో ఉండే మా చైర్మన్ గారు అనుకుంటున్నారు. గురువారం ఆయన మారేడ్‌పల్లి వస్తారు. మారిస్తే ఏమవుతుందో నేను ప్రొజెక్టర్ మీద చూపించి వివరించాలి. షెడ్డులో అట్ట మడిచేవాళ్ళందరూ చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్ళు. ఆ మడత చేతికి రావడానికి ఏడాది పడుతుంది. షెడ్డు అంత దూరం పోతే వాళ్ళ పని పోయినట్టే.

మంగళవారం షెడ్డు సూపర్‌వైజర్ యాదగిరిని కూడా పిలిపించారు మేడమ్. అతను కాగితం వైపు కాసేపు చూసి, "ఏందమ్మా గిది, సాలీడా, ఎండ్రికాయనా?" అన్నాడు. ఎండ్రికాయంటే పీత. "నువ్వు చెప్పేదాన్ని బట్టి తేలుతుంది, కూర్చో" అన్నారావిడ. నేను నడుమ 'షెడ్డు మార్పు' అని రాశాను. ఆవిడ రబ్బరుతో దాన్ని చెరిపి, 'ఎవరు వస్తారు?' అని రాశారు. యాదగిరి ఒక్కొక్క పేరే చెబుతుంటే కొమ్మకొక పేరు చొప్పున రాసుకుంటూ పోయాం. అంతా అయ్యాక అతను లేచి, గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట చెప్పాడు.

"ఆళ్ళు ఒక్కరొక్కరు వచ్చేటోళ్ళు కాదమ్మా. మేరీ బిడ్డను, లక్ష్మి కొడుకును ఇంటికాడ నర్సమ్మ వాళ్ళ అత్తనే చూస్తది. లక్ష్మి తోడు లేకుంటే షాహీన్‌ను ఇంట్లకెళ్ళి పంపరు. గట్ల ఒకరితోని ఒకరు ముడివడి ఉన్నరు."

మేడమ్ అతన్ని మళ్ళీ కూర్చోబెట్టి, అలాంటివి ఇంకా చెప్పమని, పేరు నుంచి పేరుకు అడ్డంగా గీతలు గీస్తూ పోయారు. కొమ్మల మీదుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ. కాసేపటికి కాగితం చూడబుద్ధి కాలేదు నాకు.

మర్నాడు ఆ మ్యాపును ప్రొజెక్టర్ కోసం ప్లాస్టిక్ షీటు మీదికి ఎక్కించాను. స్కేలు పెట్టి, మూడు రంగుల్లో, అక్షరాలు ఒకే ఎత్తులో రాశాను. అడ్డగీతలు అందాన్ని చెడగొడుతున్నాయని వదిలేశాను. ఎవరూ నాతో వదిలేయమనలేదు. పేర్లన్నీ ఉన్నాయి కదా, ఏమీ పోలేదనే అనుకున్నాను.

గురువారం మీటింగు సాఫీగానే మొదలైంది. చైర్మన్ గారు తెర మీది మ్యాపును మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత, "ఓ పదిమంది మానేస్తారనుకో. మిగిలినవాళ్ళు అక్కడి కొత్తవాళ్ళకు నేర్పుతారు. ఇందులో ఇంత ఆలోచించేదేముందయ్యా?" అని అడిగారు.

తెర వైపు చూశాను. పేర్లు దేనికవి విడివిడిగా, ముచ్చటగా ఉన్నాయి. నేను గీసిన బొమ్మ ఆయన మాటే నిజమంటోంది. నా బదులు సుగుణ గారు జవాబు చెబుతారేమోనని చూశాను. ఆవిడ చేతిసంచిలోంచి మంగళవారం నాటి చిత్తు కాగితం తీసి నా ముందుకు జరిపారు. "దీన్ని చూసి చెప్పు మూర్తీ" అన్నారు, అంతే.

ఆ కాగితం తీసుకెళ్ళి చైర్మన్ గారి ముందు పరిచాను. నర్సమ్మ పేరు మీద వేలు పెట్టి, గీత వెంబడి మేరీకి, లక్ష్మికి, అక్కడి నుంచి షాహీన్‌కు నడిపించాను. పదిమంది మానేసి మిగతావాళ్ళు ఉండటమన్నది జరగదని, కదిలిస్తే అందరూ కదులుతారని, అప్పుడు నేర్పేవాళ్ళే మిగలరని చెప్పాను. శుభ్రంగా రాసిన షీటులో ఈ గీతలు వదిలేసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నారు. "కాగితం మీద గీతలు ఎన్నైనా గీయొచ్చు. రేపు పొద్దున నేనే షెడ్డుకు వచ్చి చూస్తాను" అని దాన్ని జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు ఎనిమిదిన్నరకు మౌలాలి షెడ్డు గేటు దగ్గర నలుగురం నిలబడ్డాం. ఆడవాళ్ళు ముగ్గురు నలుగురుగా మాట్లాడుకుంటూ వచ్చి లోపలికి వెళ్ళారు. తొమ్మిదయింది. లోపల నాలుగు పీటలు ఖాళీగా ఉన్నాయి. చైర్మన్ గారు యాదగిరి వైపు తిరిగారు.

"నర్సమ్మ వాళ్ళ అత్తకు జరం సార్" అన్నాడు యాదగిరి.

"మిగతా ముగ్గురి ఇళ్ళల్లోనూ జ్వరమేనా?"

"లే సార్. ఆళ్ళకేం గాలే."

చైర్మన్ గారు జేబులోంచి కాగితం తీసి నర్సమ్మ పేరు వెతుక్కున్నారు. గీత వెంట ఆయన వేలు మెల్లగా కదలడం నేను చూశాను. తర్వాత కాగితం మడిచి సుగుణ గారి చేతికిచ్చి, "షెడ్డు ఇక్కడే ఉండనీండమ్మా" అని కారెక్కారు. ఆవిడ ఆ కాగితాన్ని నాకిచ్చి, టీ తాగడానికి లోపలికి వెళ్ళిపోయారు. నా స్కేలు గురించి ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఒక్క మాట అనలేదు.

అక్కడే పీట మీద కూర్చుని డైరీ తీశాను. జులై 12, శుక్రవారం. మౌలాలి షెడ్డు. హాజరు: చైర్మన్ గారు, సుగుణ మేడమ్, యాదగిరి, నేను. అన్నేళ్ళుగా డైరీ రాస్తూ, వచ్చినవాళ్ళ పేర్లతో ఆపేసేవాడిని. ఆ ఉదయం మొదటిసారి దాని కింద ఇంకో వరస రాశాను. రానివారు: నర్సమ్మ, మేరీ, లక్ష్మి, షాహీన్. నాలుగు పేర్లనూ కలుపుతూ, స్కేలు లేకుండా, ఒక గీత గీశాను.